ఆ గదిలో అందరికన్నా పెద్ద

మా వదినకి రెండు భాషలు వచ్చు. రెండింట్లోనూ ముందు తిట్లు వచ్చాయి, మర్యాదలు తరవాత నేర్చుకుంది. మా ఆయనకి అక్క, నాకు అత్తగారి పెట్టు. ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసింది. ఆవిడ ఫోటో ఏ గోడ మీదా వేలాడదు. పని మానేసిన రోజు వీడ్కోలు సభ అని ఒక్కడూ కుర్చీ వెయ్యలేదు. అందుకే నేను రాస్తున్నాను. నేను బడికెళ్లింది రెండేళ్లు. అక్షరాల్లో తప్పులుంటే చదివేవాళ్లు దిద్దుకోండి. జరిగినదాంట్లో మాత్రం ఎవరూ వేలు పెట్టక్కర్లేదు.

ఆసుపత్రి వెనకవైపు పదకొండు మెట్లు దిగితే మూడు గదులు. మొదటి గదిలో వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పి, రక్తం మరకలవి ఒక కుప్ప, మామూలువి ఒక కుప్ప, ఉన్నివి ఒక కుప్ప వెయ్యాలి. రెండో గదిలో ఉతికే యంత్రాలు. మూడో గదిలో ఆరబెట్టడం, ఇస్త్రీ, మడతలు. ఎండాకాలం, చలికాలం అని తేడా లేదు, ఎప్పుడూ ఆవిరే. బయటికొచ్చాక గంటసేపు మా వేళ్లు ముసలివాళ్ల వేళ్లలా ముడతలు పడి ఉండేవి. వయసులో ఉన్నప్పుడే ముసలి చేతులు చూసుకున్నవాళ్లం, ముసలితనమంటే మాకు పెద్ద భయం లేదు.

మా వదిన పెళ్లికి ముందు పదకొండేళ్లు అవతలివాళ్ల వీధిలో పెరిగింది. అవతలివాళ్లని మేం అనేవాళ్లం. వాళ్లు మమ్మల్ని ఏమనేవాళ్లో వదినకి తెలుసు గానీ చెప్పేది కాదు. "చెప్తే నీకు నిద్ర పట్టదులే" అనేది. వాళ్లలో ఎనిమిదిమంది ఆడవాళ్లు ఒకేసారి మా విభాగంలో చేరారు. ఆసుపత్రి వెనక వరస గదుల్లో ఉండేవాళ్లు. పనుంటే గది, పని పోతే గదీ పోతుంది. అది అందరికీ తెలిసిన రూలే.

మొదటి వారంలోనే రెండు జట్లకీ పడలేదు. ఏదన్నా అడిగితే వాళ్లు ఒక ఊపిరి పీల్చి వదిలేదాకా జవాబు చెప్పేవాళ్లు కారు. "సబ్బు డబ్బా ఎక్కడుంది?" అని అడిగినా అంతే. ఊపిరి. తరవాత జవాబు. ఈలోగా మాలో నలుగురం నాలుగు జవాబులు చెప్పేసి, డబ్బా తెచ్చేసుకుని, వాళ్లకి పొగరని కూడా తేల్చేసేవాళ్లం. వాళ్లేమో మమ్మల్ని చూసి బెదిరిపోయేవాళ్లు. ఎక్కడికెళ్లావు, ఎందుకెళ్లావు, పిల్లలెంతమంది, ఆ చెయ్యి ఎందుకు కాలింది అని మేం అడుగుతుంటే పోలీసు విచారణ అనుకున్నారట.

వదిన రెండు వైపులా తిరిగి రెండు వైపులా తిట్టింది. మాతో, "వాళ్లు వెంటనే జవాబు చెప్పకపోవడం పొగరు కాదే మొద్దుల్లారా! నువ్వడిగినదాన్ని లోపలికి తీసుకున్నానని చూపించడం. టక్కున చెప్తే నీ మాట వినకుండా తన మాట చెప్పేసినట్టు. మీకది తెలీదు, ఎందుకంటే మీరెవరూ ఎవరి మాటా విన్న పాపాన పోలేదు" అంది. వాళ్లతో ఏమందో తరవాత నాకు చెప్పింది. "ఇవతలివాళ్లు అడిగేది నీ గుట్టు లాగడానికి కాదు. నువ్వు కంటికి ఆనావని చెప్పడానికి. జవాబు చెప్పకపోయినా ఏమీ అనుకోరు, అసలు జవాబు కోసం ఆగరు కూడా" అందట.

వాళ్లలో ఒకావిడకి తలంతా దూదిలా తెల్లగా ఉండేది. మేం దూదమ్మ అని పిలిచేవాళ్లం. ఇస్త్రీ రోలర్ దగ్గర ఆవిడకి సాటి లేరు. దుప్పటి అటు చివర ఆవిడ పట్టుకుంటే ఇటు చివర పట్టుకున్నవాళ్లకి పనే ఉండేది కాదు. వదినని ఆవిడ "చెల్లీ" అని పిలిచేది. వదిన తల నిమురుకుని మురిసిపోయేది. నిజానికి వదిన ఆవిడకన్నా నాలుగేళ్లు పెద్దది. ఆ సంగతి నాకు తెలుసని వదినకి తెలుసు, అందుకే ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా నా వైపు కళ్లెర్రజేసేది.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే ఈ కథ నిలబడదు.

ఒక ఏడాది పాత యంత్రాలు తీసేసి కొత్తవి పెట్టారు. పాతవాటికి రెండు మీటలుండేవి, ఒకటి వేడి, ఒకటి చల్ల. కొత్తదానికి గుండ్రటి చక్రం, చుట్టూ ఏవో రాతలు. అవి మా భాష కాదు, అవతలివాళ్ల భాషా కాదు. బిగించినవాడు గుమస్తాకి ఏదో చెప్పాడు. గుమస్తా మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ మాకు చేత్తో చూపించి, "ఇటు తిప్పితే ఇది, అటు తిప్పితే అది" అని టీకి వెళ్లిపోయాడు.

వదిన ఆ రోజే నన్ను పక్కకి లాగింది. "అనుమానం వస్తే ఎవర్నన్నా అడుగు. ఆరిందాలా తిప్పెయ్యకు" అంది.

"నాకు తెలీదా? ఆమాత్రం చక్రం తిప్పలేనా?" అన్నాను. మా నాన్న నాకు నేర్పింది ఒకటే, తెలీదని ఎవడి ముందూ అనొద్దని. అది చాలా చెడ్డ పాఠమని తెలుసుకోవడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది.

పిల్లల వార్డు ఉన్ని కంబళ్లు వచ్చాయి. తొంభై ఆరు. ఎవరో పెద్దమనిషి పిల్లల కోసం ఇచ్చినవి, కొత్తవి, మెత్తటివి. నేను చక్రం తిప్పాను. తలుపు తీసేసరికి కంబళ్లు లేవు. వాటి స్థానంలో గట్టిగా, ముద్దగా, కాళ్లు తుడుచుకునే పట్టాల్లాంటివి ఉన్నాయి. ఉన్ని సలసల కాగే నీళ్లలో ఉడికిపోయింది. ఒకటి తీసి నా ఒళ్లో పరుచుకుంటే మోకాళ్ల దాకా కూడా రాలేదు.

యంత్రం దగ్గర ఆ పూట ముగ్గురం మారి మారి నిలబడ్డాం. ఎవరు తిప్పారో ఎవరూ చూడలేదు. నేను నోరు విప్పలేదు. ఆ రోజు నేను చేసిన పనులన్నిట్లో అది చెడ్డది. కంబళ్లు తరవాత.

మధ్యాహ్నానికి సూపరింటెండెంటు కిందికి దిగాడు. ఆయన ఆ పదకొండు మెట్లూ దిగడం ఏడాదికి రెండుసార్లు. ఒక కంబళిని రెండు వేళ్లతో చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని, "ఎవరు? ఎవరు చేశారు?" అని అరిచాడు. మడతల గదిలో ఆ పూటవాళ్లం ఏడుగురం ఉన్నాం. వదిన లేదు, ట్రాలీ తోసుకుని పై అంతస్తుకి వెళ్లింది.

అరుపులు సాగుతూనే ఉన్నాయి. మాలో ఒక పిల్ల ఏడుపు మొదలెట్టింది. అప్పుడు దూదమ్మ లేచింది. తన పద్ధతి ప్రకారం ఒక ఊపిరి ఆగింది. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని వాళ్ల భాషలో ఒక చిన్న మాట చెప్పింది. గుమస్తాకి ఆ భాష బజార్లో బేరమాడేంత వచ్చు. "తప్పు నాది అంటోంది సార్" అన్నాడు.

"రాసుకో. వేలిముద్ర తీసుకో."

తీసుకున్నాడు. సూపరింటెండెంటు మెట్లెక్కి వెళ్లిపోయాడు.

నేను ఏమనుకున్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. మొదట, ఈవిడకి మతి పోయిందా అనుకున్నాను. తరవాత, తనంతట తనే ఒప్పుకుంది కదా, నేను అడిగానా అనుకున్నాను. మా ఇళ్లలో నేర్పేది, ఎవరు చేసినదాని ఫలం వాళ్లదేనని. ఒకళ్లది ఇంకొకళ్లు తీసుకోవడం కుదరదని. మరి ఈవిడ ఒప్పుకుందంటే ఈవిడ కర్మలో ఏదో బాకీ ఉండే ఉంటుందని, చూడండి, నా పిరికితనానికి ఎంత పెద్ద వేదాంతం కప్పుకున్నానో! కంబళి పొట్టిదైపోయింది గానీ ఆ కప్పు మాత్రం నిలువెల్లా సరిపోయింది.

సాయంత్రం ఇంట్లో వదినకి చెప్పాను, దూదమ్మే చేసిందట అని. వదిన చేతిలో గిన్నె కింద పెట్టింది.

"ఏ మాట అంది? లేచి నిలబడిందా? గుండె మీద చెయ్యి పెట్టుకుందా?"

"ఆ."

"ఆ గదిలో అందరికన్నా పెద్దది తనే కదా ఆ పూట?"

"అయితే?"

"అయితే నీ తలకాయ! అది నేను చేశాననడం కాదే. వాళ్లలో ఒక పద్ధతుంది. నలుగురున్న గదిలో ఒక చెడు జరిగి, చేసిందెవరో తెలియకపోతే, ఆ గదిలో పెద్దవాళ్లు లేచి తప్పు తమ మీద వేసుకుంటారు. ఇక మిగతావాళ్ల మీద అరవొద్దని అర్థం. అక్కడితో అరుపులు ఆగాలి. చేసినవాళ్లు తరవాత తమంతట తాము ఆ పెద్దమనిషి గడప తొక్కి, ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలి. ఎలా జరిగిందో ఇద్దరూ మాట్లాడుకుని, మళ్లీ జరక్కుండా చూసుకుంటారు. నా చిన్నప్పుడు ఆ వీధిలో ఎన్నిసార్లు చూశానో! ఆ గుమస్తాగాడు దాన్ని నేరం ఒప్పుకోలు కింద రాసేశాడా!"

చెప్పులు తొడుక్కుని అప్పుడే బయల్దేరింది. నేనూ వెనకే వెళ్లాను. ఎందుకెళ్లానో నాకే తెలీదు.

దూదమ్మ గది తలుపు తీసే ఉంది. లోపల మంచం, చిన్న కిటికీ, రెండు ముక్కాలి పీటలు. ఒకదాని మీద తను కూర్చుంది. రెండోది ఎదురుగా ఖాళీగా ఉంది. వదిన దాని మీద కూర్చోలేదు, నేల మీద కూర్చుంది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. వదిన గొంతు పెరుగుతోంది, ఆవిడ గొంతు పెరగడం లేదు. తిరిగొస్తూ దారిలో వదిన చెప్పింది.

"రేపు పైకెళ్లి సూపరింటెండెంటుకి మీ పద్ధతి వివరంగా చెప్పేస్తానన్నాను. వద్దంది. నేను నిలబడ్డాక నువ్వు నన్ను కూర్చోబెడితే, నా కింద దాక్కున్న పిల్లలు వీధిలో పడతారు చెల్లీ, అంది. నేను అన్న మాట నువ్వు విప్పి ఆరబెడితే ఇక ఆ మాటకి పనేముంది, అంది. గది పోతుంది కదా అన్నాను. చేసినవాళ్లు వస్తారు, పీట వేసే ఉంచాను, అంది. సరే, విప్పి చెప్పనని మాటిచ్చాను."

వదిన నా మొహం వైపు చూడకుండా, "ఆ పీట మీద ఎవరైనా కూర్చుంటే బాగుండు" అంది.

మూడు రోజులు ఆ తలుపు తీసే ఉంది. పనికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ పీట నాకు కనపడేది. ఖాళీ పీట నన్ను చూస్తున్నట్టుండేది. నాకేమో అక్కడ కూర్చుని ఏం చెప్పాలో తెలీదు. తప్పు చేశాననడం ఒక ఎత్తు, చక్రం మీది రాతలు చదవడం రాదనడం ఇంకో ఎత్తు. రెండోదే నా వల్ల కాలేదు. పదిమందిలో అయితే నేను ఎవరినైనా దులిపేస్తాను. ఒక్క మనిషి ఎదురుగా నిశ్శబ్దంగా కూర్చోవడం నాకు చేతకాదు.

నాలుగో రోజు విచారణ. పై అంతస్తులో సూపరింటెండెంటు గది. పెద్ద బల్ల, గాజు కింద కాగితాలు, గోడకి ఆసుపత్రి రూల్సు. ఆయన, గుమస్తా, ఆ పూట పనిలో ఉన్న మేం ఏడుగురం, దుభాషిగా వదిన. దూదమ్మ మధ్యలో నిలబడింది. ఉతికిన చీరకి మడతలు కూడా చెదరలేదు.

"చూడమ్మా," అన్నాడు సూపరింటెండెంటు వదినతో, "ఆమె ఆ రోజు అన్న మాట మళ్లీ అడుగుతాను. ఆమె ఏమంటే అది మాటకి మాట చెప్పు. ఎక్కువొద్దు, తక్కువొద్దు. నీ పురాణం అసలే వద్దు. అవును అంటే అవును. సంతకం పెట్టి పంపిస్తాను."

"పంపిస్తానంటే, పనిలోంచి పంపిస్తారా సార్?"

"మరి? తప్పు చేసినవాళ్లని నెత్తిన పెట్టుకుంటారా?"

"మాటకి మాట చెప్తే అబద్ధం అవుతుంది సార్."

ఆయన కళ్లజోడు తీశాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్తే అబద్ధమెలా అవుతుంది?"

"మీరు జ్వరమొచ్చినవాడి దుప్పటి, ఆపరేషన్ గది గుడ్డ ఒకే నీళ్లలో వెయ్యమంటే మేం వేస్తామా? రెండూ గుడ్డలే. అయినా వెయ్యం. ఏ వార్డుదో చూస్తాం. మాట కూడా ఏ వార్డు నుంచి వచ్చిందో చూడకుండా మీ నీళ్లలో ముంచలేను."

గుమస్తా నవ్వబోయి దగ్గాడు.

"రెండు నాలుకలదానివని నీ గురించి విన్నాను," అన్నాడాయన.

"అవును సార్, రెండున్నాయి. రెండూ శుభ్రంగానే ఉన్నాయి, రోజూ ఉతుకుతాను."

ఆయన బల్ల మీద కొట్టాడు. అయితే తరవాత అన్న మాట వెర్రి మాట కాదు. ఆయన్ని నేను ఎంత తిట్టుకున్నా ఆ మాట రాయకపోతే నాకు పాపం. "చూడు, ఇవాళ కంబళ్లు పోయాయి. రేపు అదే యంత్రంలో ఎవరి చెయ్యో నలిగితే? చేసింది ఒకళ్లు, ఒప్పుకునేది ఇంకొకళ్లు అయితే తప్పెక్కడుందో నేనెలా కనుక్కోవాలి? ఎలా దిద్దాలి? నిజం అనేది ఒకటుంటుందమ్మా, అది నీకిష్టమైనా కష్టమైనా."

వదిన తల ఊపింది. "ఈ మాట న్యాయంగా ఉంది. ఆవిడకి చెప్తాను" అని, ఒక్క ముక్క తగ్గించకుండా దూదమ్మకి చెప్పింది. మా వదిన అంటే నాకు ఆ రోజు గౌరవం పెరిగింది అందుకే. నచ్చని మాటని కూడా నలపకుండా మోసింది.

దూదమ్మ ఊపిరి పీల్చి వదిలింది. గుమస్తా కలం ఆడిస్తున్నాడు. "అడిగితే చెప్పదేం?" అన్నాడు. "ఆగవయ్యా, చెప్పబోతోంది. నీ ప్రశ్నకి ఆవిడ చోటిస్తోంది" అంది వదిన. దూదమ్మ చెప్పింది, వదిన మా వైపు తిప్పింది. "అరిచే గదిలోకి నిజం రాదంటోంది సార్. అది తలుపు బయట నిలబడి, అరుపులు ఆగాక వస్తుందట. ఆపడానికే తను లేచానంటోంది."

"సరే, అయితే నువ్వు చేశావా లేదా అని సూటిగా అడుగు."

వదిన అడగలేదు. అడిగితే దూదమ్మ చేశాననే అంటుంది, గది పోతుంది. అడగకుండా పద్ధతి విప్పి చెప్తే దూదమ్మకి ఇచ్చిన మాట పోతుంది. ఆ రెండింటి మధ్య మా వదిన ఎంతసేపు నిలబడిందో తెలుసా? సరిగ్గా ఒక ఊపిరి. అవతలివాళ్ల ఊపిరి.

తరవాత అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. ముందు వాళ్ల భాషలో చెప్పింది, తరవాత మన భాషలో. "తప్పు నాది. ఈవిడకన్నా నేను నాలుగేళ్లు పెద్దదాన్ని."

దూదమ్మ నోరు తెరిచి వదినని పైనుంచి కింద దాకా చూసింది. ఇన్నేళ్లుగా చెల్లీ, చెల్లీ అంటూ వచ్చిన మనిషి తనకి అక్కని తెలిస్తే ఎలా ఉంటుంది! వాళ్ల భాషలో ఏదో గొణిగింది. అవతలివాళ్ల ఆడవాళ్లు మొహాలు కప్పుకుని నవ్వారు. అయితే పద్ధతి పద్ధతే. తనకన్నా పెద్దవాళ్లు లేచాక తను నిలబడకూడదు. దూదమ్మ వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

"ఏమిటీ నాటకం? ఆ పూట నువ్వు గదిలోనే లేవు!" అన్నాడు సూపరింటెండెంటు.

"ఈ గదిలో ఉన్నాను కదా సార్. మీరు అరుస్తున్నది ఈ గదిలోనే కదా. వాళ్ల పద్ధతిలో గదిలో అందరికన్నా పెద్దవాళ్లదే పూచీ. నాకన్నా పెద్దవాళ్లుంటే లేవండి, నేను కూర్చుంటాను." అని ఒకసారి అందర్నీ చూసి, చివరికి ఆయన మీద ఆపింది. "మీ వయసెంత సార్?"

"నా వయసు నీకెందుకు?"

"జుట్టు చూస్తే నలభై అయిదు. దిండు గలీబు చూస్తే అరవై. మీ విశ్రాంతి గది గలీబులు మా దగ్గరికే వస్తాయి సార్. వాటి మీది నల్లరంగు వదిలించడానికి ఆరేళ్లుగా మేం రెండుసార్లు నానబెడుతున్నాం. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పాల్సి వచ్చింది."

గుమస్తా తల బల్ల కిందికి దూర్చేశాడు, కలం పడిపోయినట్టు. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తరవాత పాలిపోయింది. "అంటే? కంబళ్లు నేను ఉడకబెట్టానా?"

అప్పుడు నేను లేచాను. గొప్ప కోసం రాయడం లేదు, నా కాళ్లు నన్నడక్కుండా లేచాయి.

"నేను సార్. చక్రం తిప్పింది నేను. దాని మీద రాతలు నాకు చదవడం రాదు. నాకే కాదు, కింద గదుల్లో పనిచేసేవాళ్లలో ఒక్కరికీ రాదు. రాదని నేను చెప్పలేదు, అది నా పొగరు. వచ్చా అని మీరు అడగలేదు, అది ఎవరిదో మీరే చెప్పండి. ఆ చక్రం కొని తెచ్చింది మీరు. మా భాషలో ఒక ముక్క, వాళ్ల భాషలో ఒక ముక్క రాయించడానికి మీ బల్ల మీద కాగితం లేకపోయిందా? నన్ను పంపెయ్యండి. ఆవిడ గది జోలికి పోకండి."

వదిన నా మాటలన్నీ దూదమ్మకి తిప్పి చెప్పింది, పొగరు ముక్కతో సహా. నేను దూదమ్మ వైపు చూశాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. దాన్ని నేను ఈ రోజుకీ మర్చిపోలేదు.

సూపరింటెండెంటు ఫారం ముందుకు లాక్కున్నాడు. గుమస్తా మెల్లగా, "సార్, ఫారంలో ఒక్క గీతే ఉంది. ముగ్గురు పట్టరు" అన్నాడు. ఆయన ఫారం చింపేశాడు. నన్ను యంత్రాల దగ్గరి నుంచి తీసేసి, ఏడాదిపాటు మూటలు విప్పే గదికి వేశాడు. దూదమ్మ ఎక్కడున్నది అక్కడే. వదిన సంగతి తరవాత తేలుస్తానన్నాడు.

మెట్లు దిగుతూ నేను గెలిచినట్టే ఉన్నాను. వదిన నా భుజం మీద ఒక్కటిచ్చింది.

"మూడు రోజులు నోరు కుట్టుకుని, ఇవాళ పదిమందిలో ఊడదీసుకున్నావు. ఆవిడ నీకోసం పీట వేసి కూర్చుంటే, నువ్వు దాన్ని పైకి తెచ్చి బల్ల మీద విసిరేశావు."

"నిజం చెప్తే కూడా తప్పేనా?"

"నిజమే చెప్పావు. నీకు బాగుండేలా చెప్పావు. విన్న మనిషి ఎవరో చూశావా? నీకు పదిమందిలో చెప్పడం ధైర్యం. ఆవిడకి ఒక్కరి ఎదురుగా కూర్చుని చెప్పడం ధైర్యం. పద, అది కూడా చెయ్యి."

"నువ్వూ రా. నాకు ఆవిడ భాష రాదుగా."

గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. "ఇది నేను మోసే మాట కాదు" అంది.

వెళ్లి పీట మీద కూర్చున్నాను. దూదమ్మ ఎదురుగా ఉంది. నేను మన భాషలోనే చెప్పాను. చక్రం ఎలా తిప్పానో చేత్తో చూపించాను. చదవడం రాదని, కళ్ల ముందు అరచెయ్యి అడ్డంగా ఊపాను. చెప్పడం అయ్యాక వెంటనే ఇంకేదో చెప్పబోయాను, నాకు అలవాటు కదా. బయట వదిన దగ్గింది. ఆగాను. ఒక ఊపిరి పీల్చి వదిలాను. నా జీవితంలో అంత పొడుగు ఊపిరి లేదు.

దూదమ్మ లేచి మంచం మీది దుప్పటి తీసి ఒక చివర నా చేతికిచ్చింది. ఇద్దరం పట్టుకుని మడత పెట్టాం. మడతలో మడత, అంచుకి అంచు. దగ్గరికి వచ్చినప్పుడు నా చేతి ముడతలు చూసి తన చేతులు పక్కన పెట్టి చూపించింది. ఎవరివి ఎవరివో తెలియనట్టున్నాయి.

తరవాతి నెలలో చక్రం చుట్టూ రంగులు వేయించారు. ఎరుపు సలసల కాగేదానికి, నీలం ఉన్నికి, దాని పక్కన గొర్రె బొమ్మ. రెండు భాషల్లోనూ రాతలు. ఎవరు వేయించమన్నారని అడిగితే మేస్త్రీ వేలు పైకి చూపించాడు. ఆయన నోటితో ఒక్క మాట అనలేదు. అయితే అదే నెల నుంచి ఆ గలీబులు తెల్లగా రావడం మొదలైంది. తరవాత ఒక రోజు ఆయన కారు దిగుతుంటే చూశాం. తల నెరిసిపోయి ఉంది. దూదమ్మ ఇస్త్రీ రోలర్ వదిలి వచ్చి, కిటికీలోంచి ఆయన్ని చూసి, అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. అది ఎందుకో వదిన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఏడాదే నేను సాయంత్రం బడికి వెళ్లడం మొదలుపెట్టాను. మొదట్లో రాసిన ఆ రెండేళ్లు ఇవే. మూటలు విప్పే గదిలో ఒంటరిగా ఉన్నదాన్ని, సిగ్గుపడటానికి కూడా ఎవరూ లేరు. ఆసుపత్రి నోటీసు బోర్డు మీద నా అంతట నేను మొట్టమొదట చదివింది ఈ ముక్క: "బట్టల విభాగంలోని సదరు ఉద్యోగిని విచారణలలో సొంత అభిప్రాయములు చేర్చినందున ఇకమీదట ఆమెను దుభాషిగా పిలువరాదు." నాలుగుసార్లు కూడబలుక్కుని చదివి, కాగితం మీద రాసుకొచ్చి వదినకి వినిపించాను. పట్టా ఉన్న దుభాషిని తెచ్చారు. అతను మాటకి మాట చెప్పేవాడు, నిమిషానికి ఇన్ని మాటలని లెక్కగా. విన్నవాళ్లు మాత్రం ఆ సాయంత్రం వదిన ట్రాలీకి అడ్డం నిలబడి, అసలు వాళ్లేమన్నారు అని అడిగేవాళ్లు.

నోటీసు చదివి వినిపించిన రోజు వదిన ట్రాలీ ఆపి, నాకు సాయంగా రక్తం మరకల కుప్ప వేరుచేస్తోంది. తల ఎత్తలేదు.

"ఇంకోసారి చదువు," అంది.

చదివాను.

"తప్పుల్లేకుండా చదివావే! పర్లేదు." గుడ్డ విదిలించి కుప్పలో వేసింది. "పిలవకపోతే మానెయ్యమను. పిలవకుండానే వెళ్తాను."

వెళ్లింది కూడా. ఇంకా తొమ్మిదేళ్లు.